జీలుగు కల్లు: విశాఖ మన్యంలో చెట్టుకింది ఆతిథ్యం

ప్రస్తావన

ద్రాక్షతోట గల కుటుంబం అతిథికి తమ ఇంటి మద్యాన్ని రుచి చూపి భోజనం పెట్టడం ఐరోపాలో ప్రసిద్ధమైన మర్యాద. విశాఖ మన్యంలో దీనికి సమీపంగా నిలిచేది జీలుగు చెట్టు కింది ఆతిథ్యం. ఈ రెండింటి మధ్య గల భేదాన్ని, చరిత్రలో దాని ఫలితాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదం - వృక్షం

మైదాన ప్రాంత రైతుకు 'జీలుగ' అంటే పచ్చిరొట్ట పైరు. మన్యంలో 'జీలుగు' తాటి, ఈత చెట్ల కుటుంబానికి చెందిన వృక్షం. శాస్త్రనామం కారియోటా యూరెన్స్. ఆకు చీలికలు చేపతోకను పోలి ఉంటాయి. పైనుంచి కిందికి ఒక్కొక్క గెలగా పూస్తూ వచ్చి, చివరి గెలతో చెట్టు ఆయుష్షు ముగుస్తుంది. గెల మొనను రోజూ పలుచగా చెక్కగా కారే తీపినీరే పులిసి కల్లవుతుంది.

రుచి - కాలం

చెట్టు దిగినప్పుడు కల్లు తీయగా ఉంటుంది. ఈస్టు చర్యవల్ల గంటల్లోనే మత్తు చేరుతుంది; మరునాటికి పుల్లబారుతుంది. ద్రాక్షమద్యం ఏళ్లతరబడి సీసాలో నిలిచి దేశాలు దాటుతుంది. శ్రీలంకలో ఈ చెట్టు నీటినే కాచి, పాకంగా నిల్వ చేస్తారు. కల్లుగా తాగదలచినవారు మాత్రం చెట్టు దగ్గరికే రావాలి. ఈ కారణంగా కల్లు అంగడి సరుకు కావడానికి ముందే ఇంటివారు, చుట్టాలు, ఇరుగుపొరుగు కలిసి పంచుకునే వస్తువైంది. చోడి అంబలివలె అదీ నిత్యాహారంలో భాగమే.

పన్ను - తిరుగుబాటు

ఇటువంటి వస్తువుపై పన్ను విధించడమంటే ఇంటి వ్యవహారంలో చేయి పెట్టడమే. రంపదేశంలో మన్సబుదారు కల్లుగీతపై 'చిగురుపన్ను' వసూలు చేశాడు. దానికి తోడు ఆబ్కారీ నియమాలు ఇంటి అవసరానికి కల్లు తీయడాన్ని సైతం నిషేధించి, కల్లు రాబడిని గుత్తదారులకు అప్పగించాయి. 1879 మార్చిలో గోదావరి జిల్లాలో చెలరేగిన రంప తిరుగుబాటుకు ఇది ఒక ముఖ్య కారణం. అనతికాలంలోనే అది విశాఖ జిల్లాలోని గొలుగొండ కొండలకు వ్యాపించింది. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922-24లో జరిగిన పోరాటానికి నాలుగు దశాబ్దాల ముందటి మాట ఇది.

ముగింపు

1879 నాటి ఘటనలను కేవలం పన్నుల తగాదాగా చదివితే చెట్టుకూ కుటుంబానికీ గల సంబంధం మరుగున పడుతుంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకు, పాడేరు పరిసరాలకు నేడు పర్యాటకులు విరివిగా వస్తున్నారు. వారికి కల్లు ఒక వింత రుచి; గీసేవారికి అది కొన్నేళ్లు మాత్రమే ఫలమిచ్చే ఇంటి ఆస్తి. గీత, గెల, పంపకం, కొలతలకు సంబంధించిన మన్యపు మాటలను క్షేత్రపర్యటనల ద్వారా సేకరిస్తే, ఈ ఆస్తిని ఆ సమాజం ఎలా భావించిందో దాని భాషలోనే తెలుసుకునే వీలు కలుగుతుంది.