నడుస్తున్న లినక్స్‌లో యూడెవ్ మార్చాలంటే

కీబోర్డో పెన్‌డ్రైవో తగిలించగానే కెర్నెల్ ఇచ్చే కబురు విని, ఆ పరికరానికి అనుమతులు, అదనపు పేర్లు ఇచ్చే పని యూడెవ్‌ది. 2003లో పుట్టిన దాన్ని 2012లో సిస్టమ్‌డీ అనే ఇనిట్ వ్యవస్థలో కలిపేశారు. అది గిట్టని జెంటూ లినక్స్ డెవలపర్లు కొందరు అదే ఏడాది చివర్లో ఈయూడెవ్ పేరుతో వేరు కాపురం పెట్టారు. తీరా 2021లో జెంటూయే దాన్ని వదిలేస్తున్నానంది!

ఈయూడెవ్‌తో నడుస్తున్న నా పాత డెస్క్‌టాప్‌ను అప్పుడే తిరిగి యూడెవ్‌కు మార్చాను. రెండూ ఒకేచోట ఇమడవు, ఒకటి తీస్తేనే ఇంకోటి ఎక్కుతుంది. చాలామంది జంకేది ఇక్కడే. నిజానికి డిస్కు మీది ఫైళ్లు పోయినా మెమరీలో నడుస్తున్న డెమన్ ఆగదు. గండమంతా రీబూట్ దగ్గరే. అందుకే కొత్తదాని సోర్సు ముందే దించుకున్నాను. పాతదాన్ని క్విక్‌పీకేజీ అనే జెంటూ పనిముట్టుతో మూటగట్టి దాచాను. లైవ్ యూఎస్‌బీ బూట్ అవుతోందో లేదో చూసుకున్నాను.

మార్చాక సర్వీసును రీస్టార్ట్ చేసి, ‘యూడెవ్‌ఏడీఎం మానిటర్’ నడిపి పెన్‌డ్రైవ్ గుచ్చాను. తెరమీద ‘యాడ్’ అంటూ వరసగా లైన్లు పడ్డాయి. అయినా రీబూట్‌కు తొందరపడలేదు. బూట్ మొదట్లో కెర్నెల్ వాడే చిన్న ఫైల్ సిస్టమ్ ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌లో పాతదే కూర్చుని ఉంటుంది కాబట్టి దాన్నీ కొత్తగా తయారుచేశాను.

నెట్‌వర్క్ కార్డు పేరు మాత్రం జాగ్రత్త. ఈటీహెచ్0 కాస్తా ఈఎన్‌పీ3ఎస్0 అయిందంటే పాత పేరుతో రాసిన సెట్టింగులు పనిచేయవు. ఎక్కడో ఉన్న సర్వరైతే ఇక లోపలికి వెళ్లే దారే ఉండదు. పాత కెర్నెల్‌నూ దాని ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌నూ బూట్ మెనూలో కొన్నాళ్లు అలాగే ఉంచండి.