చిన్న ఛాయాచిత్రం - పెద్ద పటం

మన ప్రాంతంలో ఇంటి పెద్ద కన్నుమూసినప్పుడు దశదిన కర్మనాటికి పటం ఒకటి సిద్ధం కావలెను. గోడమీద తగిలించి, బొట్టు పెట్టి, దండ వేసి, ఆ పటం ఎదుటనే తక్కిన కార్యమంతా జరుపుతారు. పూర్వం స్టూడియోకు వెళ్ళి తీయించుకొన్న ఫోటో ఇంటికి ఒకటైనా ఉండేది. ఇప్పుడు ప్రతివాని చేతిలోను ఫోను ఉన్నది, వేలకొలది చిత్రాలున్నవి. అయినను అవసరమైననాడు వెదకి చూస్తే, పెద్దాయన ముఖం స్పష్టంగా ఉన్న చిత్రం ఒక్కటి దొరకదు. పెండ్లి పందిట్లో పదిమంది నడుమ నిలబడిన చిన్న బొమ్మయే గతి.

కొంతకాలం క్రిందట కరీంనగరంలో నా మిత్రుని ఇంట ఇదే జరిగినది. అతని తండ్రి చిత్రం వాట్సాప్‌లో వచ్చిన పెండ్లి ఫోటోలో మాత్రమే ఉన్నది. ఆ భాగాన్ని కత్తిరించి ఒక దుకాణంలో ఇస్తే, వారు కృత్రిమ మేధ సహాయంతో నిమిషంలో పెద్దది చేసి, పండ్రెండు అంగుళాల వెడల్పు, పదహారు అంగుళాల ఎత్తు గల పటం చేతికిచ్చినారు. కండ్లు మెరుస్తున్నవి, చర్మం నునుపుగా ఉన్నది, రంగు కొంత తేలినది. చూచినవారందరు బాగున్నదన్నారు. మిత్రుని తల్లి మాత్రం పటాన్ని చాలాసేపు చూచి, “గీన మీ బాపు గాదు బిడ్డా. మీ బాపు మొకానికి అమ్మవారి మచ్చలుండె” అన్నది.

ఆమె చెప్పినది అక్షరాల నిజం. చిన్ననాట సోకిన మశూచికపు మచ్చలను యంత్రం మరకలనుకొని తుడిచివేసినది. పొలంలో ఎండకు నల్లబడిన ముఖాన్ని తెలుపు చేసినది. ఇది ఎందువలన జరిగినది, జరుగకుండ ఇంటివద్దనే మనం ఏమి చేయవచ్చును అనే విషయాలను ఈ ప్రసంగంలో విచారింతము.

డిజిటల్ చిత్రమంటే చుక్కల చాప. ఈ చుక్కనే పిక్సెల్ అంటారు. ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క రంగు అంకెలలో వ్రాసి ఉంటుంది; అంతకు మించి అందులో ఏమియు లేదు. చుక్కలు ఎన్ని ఉన్నవో అంతవరకే చిత్రానికి తెలిసిన సత్యం. కాబట్టి పటం వేయించుటకు ముందు అడుగవలసిన మొదటి ప్రశ్న, ‘అంగుళానికి ఎన్ని చుక్కలు వస్తవి?’ అన్నది.

మంచి చూపు గల కన్ను ఒక డిగ్రీలో అరువదవ వంతు కోణాన్ని మాత్రమే వేరుపరచి చూడగలదు. చేతిలో పట్టుకొని అడుగు దూరంలో చూచే ఫోటోకు ఆ లెక్కన అంగుళానికి సుమారు 300 చుక్కలు కావలెను. మీటరు దూరాన గోడమీద చూచే పటానికి సుమారు 90 చాలును. రెండు మీటర్ల దూరమైతే 45 చాలును. ‘ప్రతి పటానికి 300 ఉండి తీరవలె’నని చెప్పేవారు చూచే దూరాన్ని మరచిపోతున్నారు.

ఇక మా మిత్రుని చిత్రానికి ఈ లెక్క వేసి చూడండి. వాట్సాప్ సాధారణంగా ఫోటోను పంపేటప్పుడు కుదించి, పొడవైన అంచును 1600 చుక్కలకు తగ్గిస్తుంది. ఆ పెండ్లి ఫోటోలో 1600 అడ్డం, 1200 నిలువు చుక్కలున్నవి. అందులో పెద్దాయన తల, భుజాలు కలిపి కత్తిరించిన భాగం 480 అడ్డం, 640 నిలువు. దీనిని పండ్రెండు అంగుళాల వెడల్పున పరిస్తే అంగుళానికి 40 చుక్కలే వస్తవి. మీటరు దూరానికి ఇది చాలదు. అందువలననే యంత్రం ఊహకు పని పడినది.

ఊహ అనే మాట కావాలనే వాడుతున్నాను. చిత్రాన్ని అడ్డంగాను, నిలువుగాను నాలుగేసి రెట్లు పెంచితే చుక్కల సంఖ్య పదహారు రెట్లు అవుతుంది. పదహారింటిలో ఒకదానికే ఆధారమున్నది. మిగిలిన పదునైదు కల్పితాలు. ఆ కల్పనకు రెండు మార్గాలున్నవి. పాత మార్గంలో కంప్యూటరు ఇరుగుపొరుగు చుక్కల రంగులను సరాసరి చేసి నడుమ ఖాళీలను నింపుతుంది. ఫోటో సవరించే సాధనాలలో బైక్యూబిక్, లాంక్‌జోస్ అనే పేర్లతో కనిపించేవి ఈ తరగతివి. వీటివలన చిత్రం కొంచెం మెత్తబడుతుంది గాని అబద్ధమాడదు. కొత్త మార్గంలో యంత్రం లక్షల ముఖాలను చూచి నేర్చుకొన్న అనుభవంతో, ‘ఇక్కడ కనురెప్ప ఇట్లు ఉండవచ్చును, చర్మం ఇట్లు ఉండవచ్చును’ అని గీస్తుంది. చెట్టుకు, గుట్టకు, ఇంటికప్పుకు ఇది బాగుగనే పనికివస్తుంది. ముఖం విషయంలో మాత్రం అది గీసేది మీ తండ్రిని కాదు; లక్షలమంది తండ్రుల సరాసరిని.

అయితే చేయవలసినదేమి? మొట్టమొదట మూలచిత్రాన్ని వెదకవలెను. మన జిల్లాలలో ఇంటికొకరు దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటారు. పెండ్లికి వచ్చి ఫోటోలు తీసేది తరచు వారే. మిత్రుని మేనల్లుడు దుబాయిలో ఉన్నాడు. అతని ఫోనులో అదే ఫోటో 4000 అడ్డం, 3000 నిలువు చుక్కలతో చెక్కుచెదరకుండ ఉన్నది. దానిని ఫోటోగా గాక, డాక్యుమెంటు అనే మార్గాన పంపుమన్నాము. అట్లు పంపితే కుదింపు ఉండదు. కత్తిరించిన భాగం ఇప్పుడు 1200 అడ్డం, 1600 నిలువు అయినది. పండ్రెండు అంగుళాలకు పరిస్తే అంగుళానికి 100 చుక్కలు! గోడమీది పటానికి అది చాలును. మచ్చలు మచ్చలుగానే కనిపించినవి. ఏ సాధనమూ చేయలేని మేలు ఒక్క ఫోను పిలుపు చేసినది.

మూలం దొరకనప్పుడు మరి నాలుగు జాగ్రత్తలు. ఒకటి: పటం పరిమాణం తగ్గించండి. 480 చుక్కల చిత్రం ఆరు అంగుళాల వెడల్పున అంగుళానికి 80 ఇస్తుంది; చుట్టూ వెడల్పయిన తెల్ల అంచు వదలి పెద్ద చట్రంలో బిగిస్తే నిండుగానే ఉంటుంది. రెండు: మూలప్రతిని ముట్టక, నకలు మీదనే పని చేయండి. జేపెగ్ అనే పద్ధతి చిత్రాన్ని ఎనిమిదేసి చుక్కల గళ్ళుగా విభజించి, కంటికి అంతగా తెలియని వివరాలను పారవేసి నిలువచేస్తుంది. సవరించి నిలువచేసిన ప్రతిసారి మరికొంత పోతుంది. మూడు: వరుస తప్పవద్దు. ముందు మసకను, గళ్ళ ఛాయలను కొద్దిగా తగ్గించి, తరువాత పెంచి, పదునుపెట్టడమనే పనిని చివరకు ఉంచవలెను. ముందే పదును పెడితే గళ్ళు కూడ పెరుగుతవి. నాలుగు: కృత్రిమ మేధను వాడక తప్పనిచో, వచ్చిన ముఖాన్ని ఆ మనిషిని ఎరిగినవారికి చూపించి, వారు ఔనన్న తరువాతనే అచ్చు వేయండి.

ఇక రంగుల సంగతి. తెర మీద చక్కగా ఉన్న చిత్రం కాగితం మీద నల్లగా, మురికిగా వచ్చినదని చాలమంది చెబుతారు. తప్పు ప్రింటరుదే కానక్కరలేదు. తెర వెలుగునిచ్చే వస్తువు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వెలుగులను కలిపి అన్ని రంగులను చూపుతుంది. 1861 లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ లండనులో ఒక రంగుల రిబ్బను చిత్రాన్ని ప్రదర్శించి చూపినది ఈ సూత్రమే. కాగితానికి సొంత వెలుగు లేదు. దానిమీది సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు పడిన వెలుగులో కొంత మ్రింగి, మిగిలినది తిరిగి పంపుతవి. ఒకటి కూడిక, మరొకటి తీసివేత. కూడికలో వచ్చిన రంగులన్నియు తీసివేతలో రావు.

మన బతుకమ్మ ఫోటోనే అచ్చు వేసి చూడండి. తంగేడు పసుపు ధారాళంగా వస్తుంది. పసుపు సిరా నేరుగా ఉన్నది గదా! సీతజడ పూల ముదురు గులాబి కూడ మెజెంటా సిరా పుణ్యమా అని బాగుగనే వస్తుంది. ఫాల్గుణంలో ఆదిలాబాదు అడవులను మండించే మోదుగపూల నారింజకు మాత్రం రెండు సిరాలు కలియవలెను. కొంత కాంతి తప్పక పోతుంది. దండారి ఆటలలో గుస్సాడీలు ధరించే నెమలిపింఛపు టోపీ మరింత కష్టం. నెమలి ఈకలోని నీలం, ఆకుపచ్చ మెరుపు రంగుపదార్థం వలన వచ్చినది కాదు. ఈకలోని సూక్ష్మ నిర్మాణం వెలుగును విరిచి పంపుట వలన వచ్చినది. తల తిప్పితే మారే ఆ మెరుపు ఏ సిరాకు లొంగుతుంది? మార్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021 లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ టోపీ బొమ్మ దేశమంతా చూచినది. దానిని ఇంట అచ్చు వేయదలచినవారు తెరమీది మెరుపును ఆశించక, ఈకల నడుమ తేడాలు తెలిసేటట్లు రంగుల గాఢతను కొద్దిగా తగ్గించి వేస్తే మంచి ఫలితం వస్తుంది.

రంగులు ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి మారేటప్పుడు అర్థం చెడకుండ చూచుటకు 1993 లో అంతర్జాతీయ వర్ణ సంఘం ఒకటి ఏర్పడినది. తెరకు, ప్రింటరుకు, కాగితానికి ఒక్కొక్క ‘ప్రొఫైల్’ ఉంటుంది. అది ఆ వస్తువు రంగుల నిఘంటువు వంటిది. ఇంటివారికి ఇంత లోతు అక్కరలేదు. ఈ కొద్ది నియమాలు చాలును.

చిత్రాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనే సామాన్య ప్రమాణంలోనే ఉంచండి. తెర ప్రక్కన తెల్లకాగితం పట్టుకొని, తెరమీది తెలుపు ఆ కాగితంతో సమానమయ్యేవరకు వెలుగు తగ్గించండి; రాత్రివేళ తెరను పసుపుగా మార్చే సదుపాయాన్ని ఆపండి. ‘అచ్చు నల్లగా వచ్చిన’దనే ఫిర్యాదులు చాలవరకు ఇక్కడనే తీరుతవి. ప్రింటరు అమరికలలో మీరు వాడే కాగితం రకాన్నే ఎన్నుకోండి. నునుపు కాగితం పెట్టి మామూలు కాగితమని చెబితే సిరా పాళ్ళు తప్పుతవి. రంగుల పెత్తనం ప్రింటరుకైనా, ఫోటో సాధనానికైనా ఒక్కరికే ఇవ్వండి. ఇద్దరు సవరిస్తే ముఖాలు ఎర్రబడవచ్చును. మొత్తం పటం వేయుటకు ముందు అదే కాగితం మీద ముఖం వరకు చిన్న ముక్క వేసి, కొన్ని గంటలు ఆరనిచ్చి, పగటి వెలుతురులో చూడండి. దీపాన్ని బట్టి రంగు మారుతుంది. పటం తగిలించే గదిలో కూడ ఒకసారి చూడండి.

మన ఎండలకు మరొక చిక్కున్నది. నెలల తరబడి వాడని ప్రింటరులో సిరా గొట్టాల మొనలు ఎండిపోతవి. వేసవిలో వారానికొకసారి అన్ని రంగులు గల చిన్న పేజీ వేస్తూ ఉంటే ఆ బాధ ఉండదు.

నలుపు తెలుపు చిత్రాలకు వేరే జాగ్రత్త కావలెను. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్, 1940 లో కుమ్రం భీము మరణించిన తరువాత, ఆదిలాబాదు గోండుల స్థితిగతులను పరిశీలించుటకు వచ్చి, మార్లవాయిలో నివసించి, ఎన్నో ఛాయాచిత్రాలు తీసినాడు. ఆ సేకరణ నేడు లండను విశ్వవిద్యాలయపు సోయస్ సంస్థలో ఉన్నది. డిజిటల్ రూపం కూడ పొందినది. అట్టి చిత్రంలో తమ తాతను గుర్తుపట్టినవాడు తెరమీది చిన్న ప్రతిని సాగదీయుట కంటె, పెద్ద ప్రతి కొరకు భాండాగారాన్ని అడుగుట మేలు. అచ్చు వేసేటప్పుడు రంగు సిరాలు కలిసి ఆకుపచ్చ ఛాయ రాకుండ, ప్రింటరులో నలుపు తెలుపు అమరికను ఎన్నుకోవలెను. యంత్రంతో రంగులు పూయించవద్దు. ఆ తలపాగా ఏ రంగుదో చిత్రానికి తెలియదు. తెలిసినవారు చెప్పవలెనే గాని యంత్రం చెప్పరాదు.

చివరిగా, పటానికి అద్దం తప్పక వేయించండి. అద్దానికి, కాగితానికి నడుమ కొంచెం ఎడముండవలెను. లేనిచో తేమకు అంటుకొంటుంది. ఎండ తగలని గోడ మంచిది. అగరుబత్తి పొగ సిరా రంగును త్వరగా వెలిసేటట్లు చేస్తుంది. బొట్టు అద్దం మీదనే పెట్టవలెనని వేరుగా చెప్పనక్కరలేదు. డిజిటల్ మూలాన్ని రెండు చోట్ల దాచండి.

మా మిత్రుడు రెండవ పటం ఇంట్లోనే సిద్ధంచేసినాడు. ఇంటి ప్రింటరుకు పెద్ద కాగితం పట్టదు గనుక ముఖం ముక్కను ఇంట అచ్చు వేసి, రంగు సరిచూచుకొని, పెద్దది బయట వేయించినాడు. ‘ఏమియు సవరించవద్దు’ అని ముందే చెప్పినాడు. ఈసారి పటంలోని పెద్దాయన నల్లగా, మచ్చలతో, కొంచెం మసకగా ఉన్నాడు. తల్లి ఏమియు అనలేదు. కొంగుతో అద్దం తుడిచి, బొట్టు పెట్టినది.

ఇంటిలో పెద్దలున్నవారు ఈ ప్రసంగం చదివిన తరువాత ఒక పని చేయండి. రేపు ఉదయం ఎండ ముదరకముందే, వారిని వాకిట నీడలో కూర్చుండబెట్టి, దగ్గరగా నిలబడి, ముఖం నిండుగా వచ్చేటట్లు ఒక ఫోటో తీయండి. దానిని కుదించకుండ భద్రపరచండి. అప్పుడు పైన చెప్పిన లెక్కలలో చాలవరకు మీకు అవసరమే పడదు.