నగోయాలో పుట్టి రాయ్‌పూర్‌లో మోగే బెంజో

ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్‌లో బెంజో అంటే తోలు బిగించిన గుండ్రటి ముఖం, పొడుగాటి మెడ ఉన్న అమెరికా వాద్యం కాదు. ఒళ్లో పట్టే చెక్కపెట్టె. దాని మీద ఉక్కు తీగలు, తీగలకు పైన రెండు వరసల గుండ్రటి మీటలు. ఎడమచేయి మీటలు నొక్కుతుంది, కుడిచేతిలోని పిక్ తీగల్ని కొడుతుంది. నవరాత్రుల్లో పాడే జస్‌గీత్ అనే అమ్మవారి పాటల్లో మాందర్ డోలు పక్కన, నాచా అనే జానపద నాటకంలో హార్మోనియం పక్కన, ఊరేగింపుల్లో ధుమాల్ అనే డోళ్ల బృందాల దరువుల మీద వినిపించేది ఇదే. మనవైపు దీన్ని బుల్‌బుల్ తరంగ్ అంటారు. చిన్నప్పుడు తిరునాళ్లలో కొనిపించుకుని, వారం తిరక్కుండా తీగ తెంపినవాళ్లు చాలామందే ఉంటారు. ఆ బొమ్మనే పెద్దది చేసి, కరెంటు తగిలించి, వీధంతా వినపడేలా వాయిస్తుంటే అది వేరే వాద్యమేమో అనిపిస్తుంది. లోపలి యంత్రం మాత్రం ఒకటే.

ఆ యంత్రం పుట్టింది 1912లో, జపాన్‌లోని నగోయాలో. మొరితా గోరో అనే సంగీతకారుడు విదేశాలు తిరిగి వచ్చినవాడు, అక్కడ టైప్‌రైటర్ చూసినవాడు. జపాన్‌లో అప్పటికే నిగెంకిన్ అనే రెండు తీగల వాద్యం ఉంది. దాని తీగల మీద టైప్‌రైటర్ మీటల్లాంటివి అమర్చాడు. జపాన్‌లో తైషో చక్రవర్తి పాలన మొదలైన ఏడాది అది, అందుకే వాద్యానికి తైషోగోతో అనే పేరు స్థిరపడింది. మనవాళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పాసై గుమాస్తా ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకున్న యంత్రంలోంచి ఒక సంగీత వాద్యం పుట్టిందంటే నాకు భలే సరదాగా ఉంటుంది. అక్కణ్ణుంచి అది ఓడలెక్కి ఇండోనేషియాకు, తూర్పు ఆఫ్రికా తీరానికి, మన ఉపఖండానికి చేరింది. బలూచిస్తాన్‌లో దాన్ని ఇంకా పొడుగు చేసి బెంజూ అన్నారు. బిలావల్ బెల్జియం అనే కళాకారుడు దాంతోనే పేరు తెచ్చుకున్నాడు.

మూత తీసి చూస్తే అందులో రహస్యమేమీ లేదు. మీట నొక్కగానే దాని కింద ఉన్న లోహపు ముక్క తీగను మెట్టు మీదికి అదుముతుంది. అక్కణ్ణుంచి కుడివైపు బ్రిడ్జి దాకా మిగిలిన తీగ ముక్కే మోగుతుంది. వేలు తీస్తే స్ప్రింగు మీటను పైకి తోస్తుంది. మోగే తీగ పొట్టిదైనకొద్దీ స్వరం హెచ్చుతుంది. సగానికి సగం చేస్తే సరిగ్గా పై స్థాయి షడ్జమం. మధ్యలోని పన్నెండు మెట్లలో ఒక్కో మెట్టుకీ తీగ పొడవును 1.0595తో భాగించుకుంటూ పోవాలి. తీగ 40 సెంటీమీటర్లు అనుకుంటే మొదటి మెట్టు 37.75 దగ్గర, రెండోది 35.64 దగ్గర, పన్నెండోది 20 దగ్గర పడతాయి. మొదటి అడుగు రెండు సెంటీమీటర్లకు పైమాటే, చివరి అడుగు 1.19 మాత్రమే. అందుకే కుడివైపుకు జరిగేకొద్దీ మెట్లు ఇరుకవుతాయి. వీణ మెట్లను చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. వీణలో ఆ దూరాలన్నీ ఏళ్ల సాధనతో వేళ్లకు అలవాటవ్వాలి. ఇక్కడ ఆ లెక్కను వడ్రంగి ముందే కట్టేశాడు. స్వరం తప్పే భయం లేదు, పొద్దున కొన్నవాడు సాయంత్రానికి ఒక పాట పట్టేయగలడు.

దానికి బదులుగా పోయింది గమకం. వీణ మీద తీగను పక్కకు లాగితే స్వరం జారుతుంది, ఊగుతుంది. మీటకూ తీగకూ మధ్య ఇనుము వచ్చాక వేలికి తీగ స్పర్శే లేదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎదుర్కొన్న సమస్య ఇలాంటిదే, పరిష్కారం మాత్రం వేరు. మాండలిన్‌లోని జంట తీగల్ని తీసేసి, అయిదు ఒంటి తీగలు పెట్టి, కరెంటు అమర్చి కర్ణాటక గమకాలు పలికించారు. వేలు నేరుగా తీగ మీద ఉంది కాబట్టి అది సాధ్యమైంది. బెంజో వాయించేవాళ్లకు మిగిలింది పక్కపక్క మీటల్ని గబగబా నొక్కి గమకం ఉందన్న భ్రమ కల్పించడం. దాన్ని దొంగగమకం అనడానికి నాకు మనసొప్పదు, కానీ గమకమని కూడా అనలేను.

ఇంతా చేసి మొరితా యంత్రం ఎడమచేతికి మాత్రమే సాయం. కుడిచేతికి ఏ ఏర్పాటూ చెయ్యలేదు. నా దృష్టిలో ఈ వాద్యం కథంతా అక్కడే ఉంది.

అసలు అమెరికా బాంజోను చూస్తే ఇది బాగా తెలుస్తుంది. దాని పూర్వీకులు పశ్చిమ ఆఫ్రికావి. సెనెగల్, గాంబియా ప్రాంతపు జోలా ప్రజల అకోంటింగ్‌కు మూడు తీగలు, అందులో ఒకటి పొట్టిది. వాయించేవాడు వేళ్లు ముడిచి గోటితో తీగను కిందికి కొడతాడు, వెంటనే బొటనవేలు ఆ పొట్టి తీగను మీటుతుంది. ఆ తీగ స్వరం మారదు, పాట పొడుగునా శ్రుతిలా మోగుతూనే ఉంటుంది. బానిసలుగా అమెరికాకు తరలించబడ్డ ఆఫ్రికన్ల చేతుల్లో ఆ పద్ధతి బతికింది. ఇప్పుడు దాన్నే క్లాహామర్ అంటున్నారు.

ఈ చేతివాటాన్ని మామూలు గిటార్‌కు ఎక్కించాలని స్టీవ్ బౌమన్ వంటి అమెరికన్ గిటారిస్టులు ప్రయత్నించారు. చిక్కు ఎక్కడొస్తుందంటే, బాంజోలో బొటనవేలి దగ్గరున్న పొట్టి తీగ సెకనుకు 392 సార్లు కంపించే హెచ్చు స్వరం. గిటార్‌లో అదే చోట ఉన్నది అన్నిటికంటే లావు తీగ, 82 సార్లే కంపిస్తుంది. బాంజోలో చిరుగజ్జెలా పలకాల్సిన చోట గిటార్ బొంగురుగా మూలుగుతుంది. కాబట్టి తీగల శ్రుతి మార్చుకుని, నడిమి తీగల్లో ఒకదాన్ని శ్రుతి తీగగా ఎంచుకుని, బొటనవేలిని దాని మీదికి దించడం నేర్చుకోవాలి. అప్పుడు గిటార్ చెక్కలోంచి బాంజో లయ పుడుతుంది. వాద్యం మారినా చెయ్యి మారలేదు కదా.

బుల్‌బుల్ తరంగ్‌లోనూ పాట పలికే తీగల పక్కన శ్రుతి తీగలు ఉంటాయి. మీటలు వాటిని తాకవు. ఉక్కు తీగ నాదం త్వరగా ఆరిపోతుంది, హార్మోనియంలా సాగదు. స్వరం నిలవాలంటే పిక్ పైకీ కిందికీ ఆగకుండా ఆడాల్సిందే. అలా ఆడేటప్పుడు శ్రుతి తీగలు కూడా తగులుతాయి. ఎంత బలంగా తగలాలి, ఏ దెబ్బకు తగలాలి, ఏ దెబ్బకు తప్పించాలి అన్నది ఏ మీటా చెప్పదు. జపాన్ వాద్యం ఛత్తీస్‌గఢ్ యాసలో మాట్లాడేది అక్కడే.

ఆ నేలకు శ్రుతి తీగ ముందునుంచీ తెలిసిందే. పాండవాని అనే మహాభారత కథాగానానికి పేరుపడ్డ తీజన్‌బాయి చేతిలోని తంబూరా మన బుర్రకథ తంబురాకు దగ్గరి బంధువు. ఆమె దాన్ని మీటుతూ కథ చెప్పేది, అవసరమైతే అదే తంబూరా భీముడి గద అయ్యేది. 1971లో దావు రామచంద్ర దేశ్‌ముఖ్ దుర్గ్ దగ్గర బఘేరాలో చందైనీ గోందా అనే కళాబృందాన్ని నెలకొల్పాక, ఖుమాన్‌లాల్ సావ్ సంగీతంతో ఛత్తీస్‌గఢీ జానపదం పెద్ద వేదికలెక్కింది. యాదృచ్ఛికమే గానీ, 1940 నుంచి హార్మోనియాన్ని ప్రసారాల్లోకి రానివ్వని ఆకాశవాణి మెత్తబడింది కూడా 1971లోనే. స్వరాలు బిగిసిన వాద్యాలు మన సంగీతానికి పనికిరావన్న పండితుల అభ్యంతరం నాచా బృందాలకు ఎప్పుడూ అడ్డు రాలేదు.

కరెంటు తగిలాక బెంజో దశ తిరిగింది. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్ల సన్నని రాగి తీగ. ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదిలి రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఇక్కడో అదృష్టం కలిసొచ్చింది. ఇంట్లో వాయిస్తే పాటతో సమానంగా వినిపించే మీటల టకటకలను పికప్ చాలావరకు పట్టించుకోదు. దానికి కావాల్సింది ఉక్కు కదలికే. దాంతో పెట్టెలోని చవకబారు చప్పుడు పోయి తీగ నాదమే స్పీకర్‌కు చేరింది. గణేశ్ నిమజ్జనం రాత్రి ఖారున్ ఒడ్డున మహాదేవ్ ఘాట్ వైపు సాగే బళ్ల మీద డోళ్లను దాటి వినిపించాలంటే అలాంటి పదును కావాలి.

ఇప్పుడు ధుమాల్ బృందాల్లో కీబోర్డులు, ప్యాడ్‌లు వచ్చాయి. కీబోర్డుకు స్ప్రింగు సడలదు, తీగ తెగదు, బిరడాలు తిప్పుతూ కూర్చోనక్కర్లేదు. బెంజో గొంతు కూడా అందులోనే దొరుకుతుంది. కాకపోతే ఆ గొంతు ఎవరో ఒకసారి కొట్టిన దెబ్బకు రికార్డింగు. నొక్కిన ప్రతిసారీ అదే దెబ్బ వస్తుంది. శ్రుతి తీగను ఈసారి తప్పించి మళ్లీసారి తగిలించడానికి అందులో పిక్ పట్టిన చెయ్యి లేదు.