పాటకో బ్యాటరీ... ప్రాణానికో బ్యాటరీ

చుట్టూ చీకటి. కనుచూపు మేరలో తీరం లేదు. వల వేసి కూర్చున్నాక బోటులో తోడుండేది పాటే. ఘంటసాల నుంచి కొత్త హిట్ల దాకా రాత్రంతా స్పీకరు మోగాల్సిందే. తెల్లారింది. ఇక ఇంటికి పోదామని తాళం తిప్పితే... ఇంజిను ‘టక్’మని ఊరుకుంది. రాత్రి విన్న పాటలు బ్యాటరీని పీల్చేశాయి మరి!

జువ్వలదిన్నె, కృష్ణపట్నం, మైపాడు... నెల్లూరు తీరంలో ఎక్కడైనా సెల్ఫ్ స్టార్ట్ ఇంజినున్న బోటుకు ఈ చిక్కు రావచ్చు. తాడు లాగి స్టార్ట్ చేసే చిన్న పడవలకైతే ఈ బాధ లేదు. పరిష్కారం ఒక్కటే... రెండు బ్యాటరీలు.

రెండూ ఒకటి కాదు
మనింట్లో ఇన్వర్టరుకు పెట్టే బ్యాటరీ వేరు, కారులో ఉండేది వేరు. బోటులోనూ అంతే. ఇంజిను తిప్పే బ్యాటరీ కొన్ని క్షణాల్లోనే వందల ఆంపియర్లు ఇవ్వాలి. పాటలకూ లైట్లకూ కావాల్సింది గంటల తరబడి కొద్దికొద్దిగా కరెంటు. మొదటి రకం బ్యాటరీని పదేపదే అడుగంటా వాడితే లోపలి ప్లేట్లు దెబ్బతింటాయి. అందుకే పాటలకు డీప్ సైకిల్ రకం మంచిది.

ఎంత పెద్దది కావాలి? లెక్క సులువే. ఆంప్లిఫయరు 5 ఆంపియర్లు తీసుకుంటూ 8 గంటలు మోగితే ఖర్చు 40 ఆంపియర్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు కాబట్టి కనీసం 80 ఉండాలి. 100 అయితే నిశ్చింత. వాడకం ఆపి కాసేపాగి మీటరు పెట్టి చూస్తే 12.7 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2కి దిగితే సగం అయిపోయినట్టే.

మధ్యలో కాపలాదారు
రెంటినీ ఊరికే కలిపేస్తే రెండూ కలిసే ఖాళీ అవుతాయి. మధ్యలో వోల్టేజీని కనిపెట్టే రిలే పెట్టాలి. ఇంజిను నడుస్తూ వోల్టేజీ సుమారు 13.3 దాటితే అది రెంటినీ కలిపి ఛార్జి చేస్తుంది. 12.8కి తగ్గగానే విడదీస్తుంది. చేత్తో తిప్పే స్విచ్ అయితే ఇంజిను నడుస్తుండగా ‘ఆఫ్’లో పెట్టకూడదు. ఆల్టర్నేటరు కాలిపోవచ్చు. వైర్‌లెస్ సెట్టుకు ఇంజిను బ్యాటరీ నుంచీ కరెంటు అందే దారి ఉంచుకోవాలి. ఆపదలో పిలవాల్సిన 16వ ఛానల్ మూగబోకూడదు కదా!

ఇవి మరవద్దు...
* ప్రతి బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి.
* ఉప్పుగాలికి టెర్మినళ్లు తుప్పు పడతాయి. శుభ్రం చేసి వ్యాజిలిన్ రాయాలి.
* గాలి ఆడే పెట్టెలో కదలకుండా బిగించాలి. బ్యాటరీలోకి సముద్రపు నీరు చేరితే విషవాయువు పుడుతుంది.
* తగ్గిన నీటిని డిస్టిల్డ్ వాటరుతోనే నింపాలి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అప్పుడు బోటుతోపాటు బ్యాటరీనీ వదిలేస్తే దానంతటదే నీరసిస్తుంది. వైర్లు విప్పి నెలకోసారి ఛార్జి చేస్తే మళ్లీ వేటకు సిద్ధం.

ఇది తుపాన్ల తీరం. 1989 నవంబరులో ‘గే’ తుపాను కావలి దగ్గరే తీరం దాటింది. హెచ్చరిక అందిన వెంటనే ఒడ్డుకు తిరగాలి. ఆ క్షణాన పాట ఆగినా ఫర్వాలేదు... ఇంజిను మాత్రం ఒక్క తిప్పుకే అందుకోవాలి!