బొమ్మల సినిమా డిస్కులు – అసలు, నకిలీ

మైపాడు తీరమునుండి వచ్చిన వంజరము చేపను కొనునప్పుడు మన నెల్లూరు ఇల్లాండ్రు గంపలోని మెరుపును చూచి మోసపోరు. మొప్ప ఎత్తి చూతురు. ఎర్రగా నున్నదా, వెలిసిపోయినదా అని విచారింతురు. కండను వేలితో నొక్కుదురు. ఆ తరువాతనే బేరము. ఇంత జాగరూకత గల ఇంటివారే పిల్లల కోరికపై జపాను బొమ్మల సినిమాల డిస్కులు కొనునప్పుడు మాత్రము పెట్టెమీది రంగుల బొమ్మను చూచి డబ్బు చెల్లించుచున్నారు. డిస్కునకు కూడ మొప్పవంటి చోటొకటి కలదు. దానిని గురించియు, మరికొన్ని గుర్తులను గురించియు ముచ్చటింతము.

యానిమే అని పిలువబడు ఈ జపాను చిత్రములు మనకు బొత్తిగా పరాయివి కావు. యుగో సాకో అను జపాను దర్శకుడు మన రామ్ మోహన్‌తోను, కొయిచి ససాకితోను కలిసి రామాయణమును బొమ్మల సినిమాగా తీసెను. 1990 దశకపు తొలి సంవత్సరములలో పూర్తియైన ఆ చిత్రము తెలుగు మాటలతో మన థియేటర్లకు వచ్చుటకు 2025 జనవరి 24 వరకు ఆగవలసి వచ్చినది. ఆ క్రొత్త విడుదలకు మన విజయేంద్రప్రసాద్ తోడ్పడిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ చిత్రము కూడ తెలుగు మాటలతో ప్రదర్శితమైనది. హాలులో చూచిన పిల్లవాడు ఇల్లు చేరకముందే డిస్కు కావలెననును. మన దేశమున సక్రమముగా వెలువడు యానిమే డిస్కులు బహు స్వల్పము. కోరిక యున్నది, సరకు లేదు. దొంగ ముద్రణకు ఇంతకంటె అనుకూలమైన నేల ఏమి కావలెను?

నెల్లూరు వారికి దొంగ డిస్కు క్రొత్త వస్తువు కాదు. చెన్నపట్టణము మనకు రైలులో సుమారు మూడు గంటల ప్రయాణము. బర్మానుండి తరలివచ్చిన వారి జీవనార్థము అక్కడి బీచ్ స్టేషను చెంత 1969లో ఏర్పడిన బర్మా బజారు, తరువాతి కాలమున నకిలీ సినిమా డిస్కులకు పేరుపడి, పోలీసు దాడులతో పలుమార్లు పత్రికలకెక్కినది. ఆ రోజులలో చవక ధరయే నకిలీకి గుర్తు. 2007 ప్రాంతమున మోజర్ బేర్ సంస్థ అసలు వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మజూపినప్పుడు ఆ గుర్తు చెరిగినది. ఆ సంస్థ 2018లో మూతపడుటకు సిద్ధమైనది. వీధిలోని డిస్కు దుకాణములును చాలవరకు మాయమైనవి. నకిలీ సరకు మాత్రము పోలేదు. అది వీధి వదలి ఇంటర్‌నెట్ అంగళ్లలోనికి పోయినది. అక్కడ అసలు ధరకు కొంచెమే తక్కువగా అమ్ముదురు కనుక ధరను బట్టి తేల్చుకొనుట మరింత కష్టము.

కొంతకాలము క్రిందట మేమును ఈ విధముగనే మోసపోతిమి. ఇరువదియారు భాగముల ధారావాహిక యొకటి, చూడ ముచ్చటైన పెట్టెలో, తపాలా ద్వారా వచ్చినది. తళుకు ముద్ర యున్నది. జపాను అక్షరములున్నవి. లోపల రెండే డిస్కులు. నాయకుని పేరు క్రింది అక్షరములలో మూడు భాగములలో మూడు విధములుగా మారినది. పదునాలుగవ భాగమున పెదవులొకప్పుడు, మాట మరొకప్పుడు. “ఇది దొంగది, నాన్నా” అని మొదట కనిపెట్టినది పెద్దలము కాము, తొమ్మిదేండ్ల పిల్ల.

ఇక మొప్ప సంగతి. కార్ఖానాలో తయారగు డిస్కు ఒక అచ్చునుండి దిగును. కరిగిన పాలికార్బొనేటును అచ్చులో నొత్తి, ఆ గుంటల మీద పలుచని లోహపు పూత పూయుదురు. కనుక డీవీడీ అడుగు భాగము వెండి రంగున నుండును. ఇంటిలోనో, కొట్టు వెనుక గదిలోనో కంప్యూటరుతో ఎక్కించిన డిస్కునందు అచ్చు లేదు. రంగుపూత పొరను లేజరు కాంతితో కాల్చి వ్రాయుదురు. ఆ రంగువలన డీవీడీ అడుగు ఊదాగా కనిపించును. అట్టిది సీలు వేసిన పెట్టెలో వచ్చినచో దాదాపు నకిలీయే. పాత చిత్రములను కోరినవారికి మాత్రమే ఎక్కించి యిచ్చు సక్రమమైన సంస్థలు కొన్ని కలవు గాని, అవి ఆ మాటను దాచవు.

వెండి రంగు చూచి మాత్రము నిశ్చింతగా నుండరాదు. పెద్దయెత్తున వ్యాపారము చేయు దొంగలకు కూడ అచ్చుయంత్రములున్నవి. అందుచేత డిస్కును దీపము వైపు వాల్చి నడిమి రంధ్రము చుట్టునున్న వలయమును చూడవలెను. ఫిలిప్స్ కంపెనీయు, అంతర్జాతీయ గ్రామఫోను పరిశ్రమల సమాఖ్యయు కలిసి 1994లో మూలసంకేత పద్ధతి యొకటి ప్రవేశపెట్టిరి. దాని ప్రకారము రెండు చిన్న సంకేతములుండును. అద్దమువలె మెరయు పట్టీలో ‘ఐఎఫ్‌పీఐ ఎల్’ అను ఆంగ్లాక్షరములతో మొదలగునది మూలపు అచ్చు సిద్ధపరచిన వారి గుర్తు. రంధ్రమునకు చేరువగా ప్లాస్టిక్కులోనే పోతపోసినట్లుండునది డిస్కును ఒత్తిన కార్ఖానా గుర్తు. రెండవదానిని చూచుటకు భూతద్దము కావలసి రావచ్చును. ఈ రెండును లేకపోయినను, గీకివేసినట్లున్నను అనుమానింపవలెను. పెట్టెను, తళుకు ముద్రను ఏ ముద్రణాలయములోనైనను అనుకరింపవచ్చును. కొనువాడు చూడని ఈ వలయముమీద దొంగ శ్రమపడుట అరుదు.

రెండవ పరీక్షకు కూడికలు వచ్చిన చాలును. ఒక పొర డీవీడీలో 4.7 గిగాబైట్లు, రెండు పొరలదానిలో 8.5 గిగాబైట్లు పట్టును. ఇరువదినాలుగు నిమిషముల చొప్పున ఇరువదియారు భాగములనగా 624 నిమిషములు, అనగా పది గంటలకు పైమాట. రెండు గంటల సినిమాకు కేటాయించు చోటున అయిదు గంటల బొమ్మను క్రుక్కినచో పరుగెత్తు గుఱ్ఱము చతురస్రపు ముక్కలుగా విడిపోవును. అసలు సంస్థలు సాధారణముగా ఒక డీవీడీలో ఆరేడు భాగములకు మించి పెట్టవు. జపానులోనైతే రెండు మూడు భాగములకే ఒక డిస్కు. మా రెండు డిస్కుల పెట్టె కొనకముందే తన రహస్యమును తానే చెప్పినది. లెక్క వేయని తప్పు మాది.

ప్రాంతపు సంఖ్యను కూడ చూడుడు. డీవీడీలకు భారతదేశము అయిదవ ప్రాంతము, జపాను రెండవది, అమెరికా మొదటిది. బ్లూరే డిస్కులలో జపాను, అమెరికాలు ‘ఏ’ విభాగమునందును, మనము ‘సి’ యందును ఉన్నాము. జపాను ముద్రణ యని చెప్పుచునే ‘అన్ని ప్రాంతములకు’ అని వ్రాసిన పెట్టెను చూచి జంకవలెను. అసలు డిస్కులలోను అన్నిచోట్ల ఆడునవి లేకపోలేదు కనుక ఈ ఒక్క గుర్తుతో తీర్పు చెప్పరాదు. ఇంకొక మాట: నిక్కమైన అమెరికా డిస్కు తెప్పించుకొన్నను మన యంత్రము దానిని ఆడింపక పోవచ్చును. అది నకిలీ కాదు, పొసగమి మాత్రమే.

మసకబారిన అట్ట, తప్పుల ఆంగ్లము, ప్రచురణకర్త పేరు లేకపోవుట, ఇవి చూడగనే తెలియునవి. మన చట్టమిచ్చిన గుర్తు మరొకటి గలదు. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1984లో చేర్చిన 52ఏ సెక్షను ప్రకారము, ఇక్కడ వెలువడు వీడియో చిత్రపు పెట్టెపై తయారుచేసినవారి పేరు, చిరునామా, హక్కుదారుని పేరు, చిరునామా ఉండవలెను. సెన్సారు ధ్రువపత్రము అవసరమైన చిత్రమైనచో దాని ప్రతియు ఉండవలెను. ఈ ధ్రువపత్రమును తల్లిదండ్రులు తేలికగా తీసికొనరాదు. బొమ్మలతో తీసినవన్నియు పసిపిల్లలవి కావు. 1988లో ఇసావొ తకహత తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ గొప్ప చిత్రమే గాని, యుద్ధకాలమున ఆకలితో నశించు అన్నాచెల్లెండ్ర కథ అది. అంతకంటె కఠినమైన రక్తపాతమును చూపునవి కూడ గలవు. దొంగ పెట్టెమీద ఎవరి వయస్సుకు తగినదో చెప్పు నాథుడుండడు.

చిత్రకారుల నష్టము వేరు. జపాను ధారావాహికల పెట్టుబడిలో గణ్యమైన భాగము చాల కాలము డిస్కుల అమ్మకము వలననే తిరిగి వచ్చెడిది.

ఇంటర్‌నెట్ అంగడిలో కొనునప్పుడు ప్రకటనలోని అట్టబొమ్మతో తృప్తిపడక, డిస్కు అడుగు భాగపు ఫోటో పంపుమని అమ్మకందారుని అడుగుడు. అసలు ప్రచురణ ఎన్ని డిస్కులలో వెలువడినదో ప్రచురణకర్త పట్టికలో చూచుకొనుడు. పొట్లము విప్పునప్పుడు ఫోనుతో వీడియో తీసి, రసీదును భద్రపరచుడు. నకిలీ అని తేలినచో మొదట అమ్మినవానికి వ్రాతమూలముగా తెలుపుడు. వాడు పలుకనిచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యపై ఫోను చేయవచ్చును. అప్పటికిని తెగనిచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. మేము రసీదును పారవేసితిమి. ఆ రెండు డిస్కులును ఇప్పుడు మా పెరటి జామచెట్టున చిలుకలను తోలుటకు వ్రేలాడుచున్నవి.