అంచుల్లోని రాతకే అసలు విలువ

2005లో న్యూయార్క్‌లోని ఓ పాత పుస్తకాల వ్యాపార సంస్థ పల్చటి పుస్తకమొకటి 5 లక్షల డాలర్లకు కొన్నది. గెలీలియో తన టెలిస్కోపులో చూసిన చంద్రుణ్ని, గురుగ్రహపు ఉపగ్రహాలను లోకానికి పరిచయం చేస్తూ 1610లో వెనిస్‌లో అచ్చువేయించిన 'సిడేరియస్ నున్షియస్' అది. అప్పట్లో వేసినవి 550 ప్రతులు. కొన్నింటిలో చంద్రుడి బొమ్మలు అచ్చుపడక ఖాళీలు మిగిలాయి. ఈ ప్రతిలో ఆ ఖాళీల్లో చేత్తో గీసి రంగులద్దిన బొమ్మలున్నాయి. పైగా గెలీలియో సంతకం, ఆయన సభ్యుడిగా ఉన్న శాస్త్ర పరిషత్తు వ్యవస్థాపకుడి లైబ్రరీ ముద్ర. సంగ్రాహకుడికి ఇంతకంటే ఏం కావాలి?

జర్మన్ కళా చరిత్రకారుడు హార్స్ట్ బ్రెడెకాంప్ అవి గెలీలియో స్వయంగా గీసిన బొమ్మలేనంటూ 2007లో పుస్తకమే రాశారు. అయితే చరిత్రకారుడు నిక్ వైల్డింగ్‌కు లైబ్రరీ ముద్ర మీద అనుమానం వచ్చింది. అసలు ముద్రలతో పోల్చితే అది సరిపోలేదు. 2012 కల్లా పుస్తకం మొత్తం నకిలీ అని తేలిపోయింది. ఆధునిక పాలిమర్ ప్లేట్లతో అచ్చొత్తి, పాతదనం తెప్పించారు. దీని వెనక ఉన్నది మాసిమో డి కారో. ఆయన అప్పుడు నేపుల్స్‌లోని ప్రాచీన గిరొలామిని లైబ్రరీకి డైరెక్టరు! ఆ లైబ్రరీ పుస్తకాలనే దోచుకున్నందుకు అదే ఏడాది అరెస్టయ్యారు. 2013లో ఏడేళ్ల జైలుశిక్ష పడింది.

డి కారో మార్కెట్ నాడి సరిగ్గానే పట్టాడు. శాస్త్ర చరిత్ర గ్రంథాల వేటలో పుస్తకం పేరు సగమే. ఆ ప్రతి ఎవరి చేతుల్లోంచి వచ్చింది, ఎవరు ఏం రాసుకున్నారు అన్నది మిగతా సగం. నకిలీ చేసేవాడు కల్పించేదీ, దొంగ చెరిపేసేదీ ఈ ఆనవాళ్లనే.

వీటి విలువ ఎంతో చూపినవారు హార్వర్డ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఓవెన్ గింగరిచ్. సూర్యుడి చుట్టూ భూమి తిరుగుతోందన్న కోపర్నికస్ గ్రంథం 1543 నాటిది. దాన్ని ఎవరూ చదవనే లేదని రచయిత ఆర్థర్ కోస్లర్ 1959లో తీసిపారేశారు. 1970లో ఎడిన్‌బరోలో గింగరిచ్ కంటబడిన ప్రతి నిండా రాతలే. అవి 16వ శతాబ్దపు ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎరాస్మస్ రైన్‌హోల్డ్‌వి. అంతే, 30 ఏళ్లకు పైగా దేశాలు పట్టి తిరిగి, 1543, 1566 ముద్రణల ప్రతులు దాదాపు 600 గురించి వివరాలు నమోదు చేశారు. 2002లో వచ్చిన ఆ జాబితాతో రెండు సంగతులు బయటపడ్డాయి. ఆనాటి పండితులు దాన్ని శ్రద్ధగా చదివారు. 1620లో చర్చి ఆదేశించిన దిద్దుబాట్లను ఇటలీలోని ప్రతుల్లో చాలావరకు అమలు చేశారు, బయట పట్టించుకున్నవారు తక్కువ. కాజేసిన ప్రతులు అమ్మకానికొస్తే గుర్తుపట్టడానికీ ఆ వివరాలే అక్కరకొచ్చాయి.

విచిత్రమేమంటే, ఒకప్పటి సంగ్రాహకులకు శుభ్రమైన పేజీలంటేనే మోజు. వారి కోసం బైండర్లు కాగితాల్ని కడిగి రాతలు పోగొట్టేవారు, కొత్త అట్ట వేసేటప్పుడు అంచులు కత్తిరించేవారు. అభిరుచి పేరిట ఎంత చరిత్ర కాలవల పాలైందో!

ఇప్పుడు ఈ పుస్తకాలు సామాన్యుడికి అందేవి కావు. కోపర్నికస్ తొలి ముద్రణ 2008లో న్యూయార్క్ వేలంలో 22 లక్షల డాలర్లు పలికింది. న్యూటన్ 'ప్రిన్సిపియా' 2016లో 37 లక్షలు దాటింది. జేబు చిన్నదైనవారు చూడాల్సింది పరిశోధనా పత్రాల విడి ప్రతుల వైపు. నాలుగు పేజీల కాగితాలే, కానీ శాస్త్రజ్ఞులు ఒకరికొకరు సంతకం చేసి పంపుకున్నవి ఉంటాయి. తన పేరు మీదే నిలిచిపోయిన ఆవిష్కరణను 1928 మార్చిలో బెంగళూరు ప్రసంగంలో వివరించిన సి.వి.రామన్, దాన్ని వెంటనే అచ్చువేయించి దేశదేశాల శాస్త్రజ్ఞులకు పంపారు. అలాంటి కాగితాలకు గట్టి అట్ట ఉండదు, వెన్ను మీద పేరుండదు. అల్మరాలు ఖాళీ చేసే రోజున మొదట తూకానికి వెళ్లేవి అవే.