ఈ నీటి మూట... గుద్దినా చెదరదు!

'నీటి మూటలు' అంటే మనకు గుర్తొచ్చేవి నిలబడని మాటలే. ఈ నీటి మూట మాత్రం అలా కాదు. వందల గుద్దులు తిన్నా కిక్కురుమనదు. పైగా గుద్దినవాళ్ల పిడికిలికి నొప్పి తెలియనివ్వదు. నీళ్లు నింపుకొనే పంచింగ్ బ్యాగు అది. ఇంట్లో ఒకటి పెట్టుకోవాలని సరదాపడుతున్నారా? అయితే బ్యాగు బొమ్మలు చూసేముందు ఒక్కసారి తలెత్తి... మీ ఇంటి కప్పు చూడండి!

'తమ్ముడు' సినిమాలో పవన్ కల్యాణ్, 'అమ్మా నాన్న ఓ తమిళ అమ్మాయి'లో రవితేజ పిడికిళ్లు బిగించి బరిలోకి దిగుతుంటే హాలంతా ఈలలే. సినిమా చూసొచ్చి గోడమీద ఓ గుద్దు గుద్ది, ఆనక చెయ్యి విదిలించుకుంటూ తిరిగిన కుర్రాళ్లు ప్రతి వీధిలోనూ ఉండే ఉంటారు. తర్వాత అమ్మాయిల వంతూ వచ్చింది. 2017లో 'గురు' తెరమీద ఓ బస్తీ అమ్మాయిని బాక్సర్‌ని చేసి చూపిస్తే, నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ బంగారు పతకాలు గెలిచి నిజంగానే చేసి చూపించింది.

అయితే బాక్సింగ్ నేర్పే కోచ్‌లు అన్ని ఊళ్లలోనూ ఉండరు. ఉన్నచోటా కాలేజీ, ఆఫీసు వేళలతో కుదరదు. అందుకే చాలామంది 'ఇంట్లోనే ఓ సంచి కట్టుకుంటే పోలా' అనుకుంటారు. కోపం తీర్చుకోవడానికి కొందరు, ఒళ్లు తగ్గడానికి కొందరు, ఆత్మరక్షణ కోసం ఇంకొందరు. కారణం ఏదైనా దెబ్బ తగిలితే రెండింటికే తగులుతుంది... ఒకటి చేతికి, రెండోది ఇంటి కప్పుకి!

అత్తి గింజల నుంచి...

సంచిని వేలాడదీసి గుద్దడం నిన్నమొన్నటి ఆలోచన కాదు. ప్రాచీన గ్రీకుల వ్యాయామశాలల్లో 'కోరికోస్' అనే సంచి ఉండేది. బలం తక్కువున్నవాళ్ల కోసం అందులో అత్తి గింజలో పిండో నింపేవారు. వస్తాదులకైతే ఇసుక. అంటే మనిషిని బట్టి సంచి అన్న సూత్రం వాళ్లకి అప్పుడే తెలుసన్నమాట.

ఆధునిక కాలంలో తోలు, కాన్వాసు సంచుల్లో బట్టపీలికలు కూరడం అలవాటైంది. వాటితో ఓ చిక్కుంది. వాడేకొద్దీ లోపలి సరుకు కిందికి దిగిపోతుంది. పైభాగం దిండులా మెత్తబడితే అడుగు రాయిలా గట్టిపడుతుంది. ఇసుక కలిపితే చెప్పనే అక్కర్లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తెలియక ఆ గట్టిచోట గుద్దితే మణికట్టు బెణుకుతుంది. ఒక్కోసారి చిటికెనవేలి కణుపు వెనకుండే ఎముక విరుగుతుంది. దానికి 'బాక్సర్స్ ఫ్రాక్చర్' అని పేరు. చిత్రమేమిటంటే అది ఎక్కువగా అయ్యేది బాక్సర్లకి కాదు, గుద్దడం రానివాళ్లకే!

నీళ్లతో ఆ బాధ లేదు. గుద్దు తగిలినచోట నీరు పక్కలకి జరుగుతుంది, సంచి సాగి చోటిస్తుంది. దెబ్బ అదురు ఒక్కచోటే తిరిగి తగలకుండా సంచి అంతటా పరుచుకుంటుంది. పైనా కిందా ఒకటే మెత్తదనం. ఎన్నాళ్లు వాడినా లోపల ఉండ కట్టదు. పైగా కొనేటప్పుడు ఖాళీగా మడతపెట్టి వస్తుంది కాబట్టి మేడమీదికి మోసుకెళ్లడమూ తేలికే. అలాగని గ్లవ్స్ లేకుండా గుద్దేయొచ్చనుకోకండి. మణికట్టు వంగితే నీటిమీదైనా బెణుకుతుంది.

ముగ్గురిదీ ఒకటే పేరు!

దుకాణంలో 'వాటర్ బ్యాగ్' అని అడిగితే మూడు వేర్వేరు వస్తువులు చూపించొచ్చు.

మొదటిది అచ్చంగా నీటి సంచి. మందపాటి వినైల్‌తో చేస్తారు. నీటిబొట్టులా పైన సన్నగా, కింద గుండ్రంగా ఉంటుంది. గుండ్రటి అడుగు కాబట్టి కింది నుంచి పైకి ఎత్తి కొట్టే అప్పర్‌కట్లకీ, పక్క నుంచి కొట్టే హుక్‌లకీ బాగా అనువు. కాళ్లతో తన్నడానికి మాత్రం అంతగా పనికిరాదు. తొడ ఎత్తులో తన్నుదామంటే అక్కడ సంచే ఉండదు.

రెండోదానికి లోపల నీటితిత్తి, చుట్టూ ఫోమ్, పైన తోలులాంటి తొడుగు. చూడటానికి మామూలు పొడుగు సంచిలాగే ఉంటుంది. కిక్ బాక్సింగ్ చేసేవాళ్లకి నప్పుతుంది. కాకపోతే తిత్తికి చిల్లుపడితే తొడుగంతా విప్పి చూసుకోవాలి.

మూడోదానిలో గుద్దే భాగంలో నీళ్లే ఉండవు. నేలమీద నిలబడే స్టాండుకి అడుగున ఓ పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. నీళ్లు పోసేది అందులో, అదీ బ్యాగు పడిపోకుండా! అద్దె ఇంట్లో ఉంటూ కప్పుకి రంధ్రం పెట్టే వీల్లేనివాళ్లకి ఇదే దారి. గట్టిగా గుద్దితే నీళ్ల డబ్బా జరుగుతుంది కాబట్టి కింద రబ్బరు పట్టా వేయాలి. డబ్బాలో నీళ్లకి బదులు ఇసుక పోస్తే బరువు సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. ఇల్లు మారేటప్పుడు నీళ్లయితే ఒంపేస్తే చాలు, ఇసుక మాత్రం ఓ పట్టాన బయటికి రాదు. ఏది కావాలో మీరే తేల్చుకోండి.

క్యాన్లతో కొలవండి

వేలాడదీసే సంచి ఎంత బరువుండాలి? జిమ్ముల్లో వాడే మోటు లెక్క ఒకటుంది... మన బరువులో సగం. 70 కిలోల మనిషికి 35 కిలోల సంచి. మరీ తేలికైతే ప్రతి గుద్దుకీ ఊయలలా ఎగిరిపోతుంది. మరీ బరువైతే కొత్తవాళ్ల భుజాలు పట్టేస్తాయి.

లీటరు నీళ్లు కిలో తూగుతాయి. దాన్నిబట్టి 12 అంగుళాల వ్యాసమున్న సంచి సుమారు 15 కిలోలు, 15 అంగుళాలదైతే 30 నుంచి 35, 18 అంగుళాలది 50కి పైన, 21 అంగుళాలది 80కి పైన. వ్యాసం మూడేసి అంగుళాలే పెరుగుతున్నా బరువు ఎలా ఎగబాకుతోందో చూశారా! రోజూ ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్‌తో పోల్చుకుంటే 18 అంగుళాల సంచి అంటే రెండున్నర క్యాన్లు. 21 అంగుళాలదైతే నాలుగు క్యాన్లు ఒకే కొక్కేనికి వేలాడుతున్నట్టు!

'పెద్దది కొని సగమే నింపుకుంటాం' అంటారు కొందరు. అది కుదరదు. సగం నింపిన సంచి ముడతలు పడుతుంది, పిడికిలి లోపలికి దిగబడి మణికట్టు మెలిక పడుతుంది, నీళ్లు గుబగుబలాడతాయి. కాబట్టి బరువుని సైజుతోనే ఎంచుకోవాలి. ఇంట్లో చాలామందికి మొదటిసారైతే 15 అంగుళాలది సరిపోతుంది. పదేళ్ల పిల్లలకి 12 అంగుళాలది చాలు.

ఫ్యాను కొక్కెం వద్దు!

అసలు పరీక్ష ఇక్కడుంది. హాల్లో ఖాళీగా ఉన్న ఫ్యాను హుక్కు కనపడగానే 'దీనికి తగిలిస్తే సరి' అనిపిస్తుంది. సీలింగ్ ఫ్యాను బరువు మహా అయితే ఐదారు కిలోలు. అది ఉన్నచోటే తిరుగుతుంది. పంచింగ్ బ్యాగు దానికి ఆరేడు రెట్లు తూగడమే కాదు, ఊగుతుంది. ఊగే వస్తువు కొక్కేన్ని తన బరువుకన్నా ఎక్కువగా లాగుతుంది. 35 కిలోల సంచి 60 డిగ్రీల కోణం దాకా లేచి వెనక్కొస్తే, కిందికి చేరిన క్షణంలో కొక్కెం మీద 70 కిలోల లాగుడు. కింది నుంచి కొట్టిన గుద్దుకి సంచి పైకెగిరి దభీమని పడితే గొలుసు విసురు ఇంకా ఎక్కువ. ఇవన్నీ కలుపుకొని సంచి బరువుకి కనీసం నాలుగైదు రెట్లు మోయగల కొక్కెం ఉండాలనుకోవడం క్షేమం.

మన పాత ఇళ్లలో వసారాలో ఉయ్యాలబల్ల కోసం వదిలిన కొక్కేలుంటాయి. మనుషుల్ని మోయడానికే వేసినవి కాబట్టి, తుప్పు పట్టకుండా ఉంటే అంతకన్నా మంచి చోటు లేదు. పెంకుటింట్లో దూలానికి కట్టేట్టయితే ముందు చెదలున్నాయేమో చూడాలి. ఫాల్స్ సీలింగుకి మాత్రం ఎప్పుడూ తగిలించకూడదు.

ఆర్సీసీ స్లాబుకి కొత్తగా కొక్కెం బిగించాలంటే ఒక్క బోల్టుతో సరిపెట్టొద్దు. నాలుగు రంధ్రాలున్న ఇనుప ప్లేటు పెట్టి, నాలుగు యాంకర్ బోల్టులతో బిగిస్తే బరువు నాలుగుచోట్లకి పంచుకుంటుంది. ఫొటోలు తగిలించడానికి వాడే ప్లాస్టిక్ ప్లగ్గులు దీనికి పనికిరావు. ఇళ్ల స్లాబులు చాలావరకు నాలుగున్నర, ఐదు అంగుళాల మందమే ఉంటాయి. అందులోనే ఇనుపచువ్వలు, కరెంటు తీగల పైపులు. ఫ్యాను బాక్సు నుంచి స్విచ్‌బోర్డు గోడవైపు పైపు వెళ్తుంటుంది కాబట్టి ఆ దారిలో డ్రిల్లు పెట్టకూడదు. చెమ్మ దిగే స్లాబు, పెచ్చులూడుతున్న స్లాబు జోలికి అసలు వెళ్లొద్దు. అనుమానముంటే సివిల్ ఇంజినీరుకి ఓసారి చూపించండి. అపార్ట్‌మెంట్ అయితే పైఇంటివాళ్లకీ ఓ మాట చెప్పండి. మీ కప్పు వాళ్లకి నేల! గొలుసుకి, కొక్కేనికి మధ్య ఓ స్ప్రింగు వేస్తే అదురు, చప్పుడు రెండూ తగ్గుతాయి.

బిగించాక వెంటనే సంచి తగిలించకుండా ఓ చిన్న పరీక్ష పెట్టొచ్చు. 50 కిలోల సిమెంటు బస్తాని గట్టి తాడుతో ఆ కొక్కేనికి, నేలకి జానెడు ఎత్తులో కట్టి ఓ రాత్రంతా వదిలేయండి. పిల్లల్ని అటు వెళ్లనివ్వకండి. తెల్లారాక ప్లేటు చుట్టూ సన్నటి బీట కనిపించినా, బోల్టు కాస్త కిందికి జారినా ఆ చోటు వదిలేయడమే.

నీళ్లు నింపేదెలా?

సంచికి చుట్టూ కనీసం మూడడుగుల ఖాళీ ఉండాలి. స్విచ్‌బోర్డు, ఇన్వర్టరు బ్యాటరీ, టీవీ దగ్గర్లో ఉండకూడదు. పొరపాటున చిరిగితే 35 లీటర్లు నేలమీదే కదా! ఎండ నేరుగా పడే డాబా కూడా వద్దు. మన ఎండలకి వినైల్ పెళుసుబారుతుంది. అమెరికాలో గ్యారేజీల్లో పెట్టుకునే మనవాళ్లకి ఇంకో చిక్కుంది. చలికి నీళ్లు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బి సంచిని చీల్చేస్తాయి. ఇక్కడ మనకి ఆ భయం లేదు.

కిందపెట్టి నింపితే ఎత్తడానికి నలుగురు కావాలి. అందుకే మూత పైనుండే సంచిని ఖాళీగానే తగిలించి పైపుతో నింపడం తేలిక. ముప్పావు నిండాక ఆపి గొలుసు, లంకెలు ఓసారి చూసుకోండి. తర్వాత మిగతాది. చివర్లో సంచిని చేత్తో నొక్కుతూ లోపలి గాలిని బయటికి పంపి మూత బిగించాలి. గాలి మిగిలితే గుద్దినప్పుడల్లా బిందెలో నీళ్లలా చప్పుడవుతుంది. నెలల తరబడి కదలకుండా ఉంటే నీళ్లు నాచుపట్టి వాసనొస్తాయి. నింపేటప్పుడే కొద్దిగా క్లోరిన్ ద్రావణం కలిపితే ఆ బాధ ఉండదు. ఎంత కలపాలన్నది సంచితో వచ్చే కాగితంలో చూడండి. మూత బిగుతుగా ఉన్నంతకాలం దోమల బెడద కూడా ఉండదు.

ఎత్తు సంగతి. నిటారుగా నిలబడి చెయ్యి ముందుకు చాపితే పిడికిలి సంచి నడిభాగానికి తగలాలి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడేట్టయితే గొలుసు పొడుగ్గా తీసుకుంటే ఎవరికి కావాల్సిన లంకెకి వాళ్లు మార్చుకోవచ్చు.

గుద్దే ముందు...

* ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. వినైల్‌కి పదునే శత్రువు.

* చేతికి 180 అంగుళాల బ్యాండేజీ పట్టీ చుట్టుకుని, పైన 12 నుంచి 16 ఔన్సుల గ్లవ్స్ వేసుకోవాలి. బొటనవేలు పిడికిలి లోపల ఉండకూడదు.

* దెబ్బ చూపుడువేలు, మధ్యవేలు కణుపులతో తగలాలి. ఆ క్షణంలో మణికట్టు, మోచెయ్యి ఒకే గీతలో ఉండాలి.

* పోటీల్లో మూడేసి నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో నిమిషం విరామం. కొత్తవాళ్లు ఒక్కో నిమిషంతో మొదలుపెడితే చాలు. ఆ నిమిషమే ఎంత పొడుగో మొదటిరోజే తెలుస్తుంది!

* గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాలి.

* నెలకోసారి బోల్టులు, గొలుసు, సంచి మెడ దగ్గరి అతుకు చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. అక్కడివాళ్లు పదిహేను రోజులకోసారి చూసుకుంటే మంచిది.

ఏ రోజైనా గొలుసు దగ్గర కిర్రుమన్న కొత్త చప్పుడు వినిపిస్తే ఇంకో గుద్దు గుద్దకండి. నీళ్లు ఒంపేసి, సంచి దించి, నిచ్చెనెక్కి చూడండి. ఆ రోజు కసరత్తు పోతే పోయింది... రేపు ఎలాగూ ఉంది!